స్పిట్‌ఫైర్ ముందు ఆర్ములు మార్చిన నాటి ముచ్చట

మంట కాస్త ఎగదొయ్యండ్రా, ఆ తాటిమట్ట కూడా వెయ్యండి. అడిగారు కాబట్టి చెప్తా. ముందు చక్రాన్ని కింద చాసీకి పట్టి ఉంచే లోయర్ ఆర్ము మార్చడమంటే ఇప్పుడు మీ కంటికి పెద్ద పనిగా ఆనదు. బండిని లిఫ్టు మీదికి ఎక్కిస్తారు, రెండు మూడు బోల్టులు తీస్తారు, అట్టపెట్టెలోంచి కొత్తది తీసి బిగిస్తారు. మధ్యాహ్నం భోజనం వేళకి ఓనరు తాళాలు తీసుకొని పోతాడు. పని సులువైతే సంతోషమే. కానీ ఆ ఆర్ము ఏం మోస్తా ఉందో, అది చెడితే ఏమవుతుందో తెలుసుకొని చేతులు పెట్టాల. నాకది నేర్పింది ఒక ఇంగ్లండు స్పోర్ట్సు కారు, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్.

మాది సూళ్లూరుపేట పక్కన పల్లె. అప్పుడు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లాలో కలిపారు. మద్రాసు పోయే పెద్ద రోడ్డు మా ఊరి పక్క నుంచే పోతుంది. చదువు మీద కన్నా ఆ రోడ్డు మీద పోయే బండ్ల మీదే నాకు ధ్యాస. ఏ బండి వస్తా ఉందో కంటికి కనపడకముందే శబ్దం విని చెప్పేవాణ్ణి. ఈడికి ఇంక బడి ఎక్కదని మా నాయన నన్ను మద్రాసులో తెలిసిన మేస్త్రి దగ్గర పనికి పెట్టాడు. మౌంట్ రోడ్డుకి ఆనుకొని జనరల్ ప్యాటర్స్ రోడ్డు ఉంటుంది, అందరూ జీపీ రోడ్డు అంటారు. మోటారు స్పేరు పార్టుల అంగళ్లన్నీ ఆడే. దాని ఎనక సందులో మా షెడ్డు. మా మేస్త్రిది గూడూరు పక్క. అప్పట్లో మన సినిమాలు కూడా మద్రాసులోనే తీసేవాళ్లు గదా, కోడంబాకం, వడపళని వైపు నుంచి వచ్చే బండ్లలో తెలుగోళ్లవి చాలానే ఉండేవి. అరవం నేర్చుకోకుండానే నాకు కొన్నాళ్లు జరిగిపోయింది.

రోడ్డు మీద అప్పుడు మూడే జాతుల బండ్లు. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. మూడింటికీ ముందు కాళ్లు, అంటే ముందు సస్పెన్షను, మూడు రకాలు. అంబాసిడర్‌కి ముందర టార్షన్ బార్లు. స్ప్రింగు బదులు పొడుగాటి ఉక్కు కడ్డీ మెలి తిరుగుతా బరువు మోస్తుంది. ఫియట్‌కి పైన ఒక ఆర్ము, కింద ఒక ఆర్ము, నడిమధ్య కాయిల్ స్ప్రింగు. హెరాల్డ్‌కీ రెండు ఆర్ములే, కాయిల్ స్ప్రింగే, కానీ కింద కీలు ఉండే తీరు వేరు. ఆ కీలు దగ్గరే ఉంది ఈ కథంతా.

హెరాల్డ్ 1959లో ఇంగ్లండులోని కోవెంట్రీలో ట్రయంఫ్ వాళ్ల చేతిలో పుట్టింది. దాని ఒళ్లు గీసింది ఇటలీ ఆయన, జొవాన్ని మికెలొట్టి. 1961లో మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు ఈడ తయారు చెయ్యడం మొదలుపెట్టారు. అట్టాంటి బండి మీద పని నేర్చుకోవడం మెకానిక్కు అదృష్టం. బానెట్టూ రెండు పక్కల మడ్‌గార్డులూ అంతా ఒకే ముక్క. రెండు లాకులు విప్పి ముందుకి వంచితే ఇంజనూ, చాసీ, ముందు చక్రాలూ, ఆర్ములూ అన్నీ కళ్ల ముందు బయటపడతాయి. నేల మీద పాక్కుంటా దూరే పని లేదు. టైరు మీదే కూర్చొని ఇంజను పని చేసుకోవచ్చు. ఇక మలుపు చూడాల. 25 అడుగుల వెడల్పులో బండి గిర్రున తిరిగేది. మైలాపూరు సందుల్లో ఫియట్ వాడు రెండు మూడు సార్లు ముందుకీ వెనక్కీ పోయే చోట హెరాల్డు వాడు ఒక్క తిప్పులో తిరిగిపోయేవాడు. అంతగా తిరగడానికి కారణం ముందు చక్రాన్ని పట్టుకున్న ఆ కీలే.

అదే హెరాల్డ్ చాసీని పొట్టి చేసి, రెండు సీట్లు పెట్టి, మళ్లీ మికెలొట్టి చేతే ఒళ్లు గీయించి 1962లో ట్రయంఫ్ వాళ్లు తెచ్చిన స్పోర్ట్సు కారే స్పిట్‌ఫైర్. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుపడ్డ ఇంగ్లండు విమానం పేరే దీనికీ పెట్టారు. 1980 దాకా తయారైంది, 3 లక్షలకు పైగా బండ్లు బయటికొచ్చాయి. ముందు సస్పెన్షను మాత్రం మన హెరాల్డుదే. ఆ మాటకొస్తే లోటస్ కంపెనీ వాళ్లు ఎలాన్ అనే పేరుమోసిన స్పోర్ట్సు కారుకి కూడా హెరాల్డు ముందు కాలినే తీసుకొని కొద్దిగా మార్చి వాడుకున్నారు. మామూలు సంసారుల కారుకి వేసిన కాలు రేసు బండ్ల దాకా పోయిందంటే ఆ అమరిక ఎంత మంచిదో చూడండి.

ఆ కీలు సంగతి చెప్తా, జాగ్రత్తగా వినండి. చక్రాన్ని పట్టుకునే నిలువు ఉక్కు ముక్కని వర్టికల్ లింకు అంటారు. పైన బాల్ జాయింటు, అది పై ఆర్ముకి బిగుస్తుంది. కింద మాత్రం బాల్ జాయింటు ఉండదు. లింకు కింది కొసకి మరలు కోసి ఉంటాయి. ఆ మరలు ఒక కంచు దిమ్మెలోకి ఎక్కుతాయి. ఆ దిమ్మెని ట్రనియన్ అంటారు. దిమ్మె అడ్డంగా ఒక బోల్టుతో కింది ఆర్ముకి బిగుస్తుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా లింకు ఆ కంచు మరల్లో తిరుగుతుంది. అంటే బండి ముందు భాగం బరువు, బ్రేకు దెబ్బ, గుంతల దెబ్బ అన్నీ పడేది ఆ మరల మీద. అందుకే దానికి నూనె పట్టించాల. పల్చటి నూనె గాదు, గేరు బాక్సులో పోసే చిక్కటి ఈపీ 90. గ్రీజు పనికిరాదు. గ్రీజు మరల సందుల్లోకి పూర్తిగా పాకదు, కొన్నాళ్లకి గట్టిపడి నూనె పోయే దారి కూడా మూసేస్తుంది. అప్పుడు వాననీళ్లు లోపల చేరి ఉక్కు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన చోట చిన్న గంటు, గంటు నుంచి చీలిక. ఒక రోజు లింకు పుటుక్కున తెగుతుంది. ఎద్దుబండి ఇరుసుకి కందెన పెట్టకుండా మా తాత ఎప్పుడైనా పొలిమేర దాటాడా? ఇదీ అంతే, దీని కందెన ఈపీ 90.

బండి తయారు చేసినోళ్ల పుస్తకంలో 6,000 మైళ్లకి ఒకసారి నూనె పట్టించమని ఉండేది. మా మేస్త్రి మాత్రం, "అది ఇంగ్లండు లెక్క, మన వానలకీ బురదకీ అందులో సగానికే పట్టించండ్రా" అనేవాడు. ఆ పని కోసం షెడ్డులో ఒక గ్రీజు గన్ను విడిగా ఉండేది. దాంట్లో నూనె తప్ప ఇంకోటి పొయ్యనిచ్చేవాడు గాదు. దాని పిడికి ఎర్ర గుడ్డ చుట్టి మేకుకి తగిలించి ఉండేది. తెలియకుండా ఎవరైనా గ్రీజు నింపితే ఆయన కోపం చూడలేం.

ఇంక మన కారు సంగతి. ఇంగ్లండులో పెద్ద చదువు చదివి వచ్చిన ఒక డాక్టరు గారు తిరిగొచ్చేటప్పుడు తన స్పిట్‌ఫైర్‌ని ఓడలో మద్రాసు తెచ్చుకున్నాడు. మార్క్ 3, 1,296 సీసీ ఇంజను, ముందు డిస్కు బ్రేకులు. ఎర్ర రంగు, పైన నల్ల గుడ్డ టాపు. అది సందులోకి వస్తే అంగళ్లలోంచి జనం బయటికొచ్చి చూసేవాళ్లు. ఆయనకి షోలవరం రేసులంటే ప్రాణం. మద్రాసు నుంచి మన ఊరికొచ్చే దారిలో రెడ్‌హిల్స్ దాటినాక షోలవరం వస్తుంది. యుద్ధం రోజుల్లో కట్టిన విమానాల రన్‌వే ఆడుంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లు దాని మీద రేసులు పెట్టేవాళ్లు. దేశం నలుమూలల నుంచీ బండ్లు వచ్చేవి, ఫియట్లు, హెరాల్డులు, జీవితంలో ఎప్పుడూ చూడని ఫార్ములా బండ్లు. పొద్దున్నే సైకిళ్ల మీద, బస్సుల మీద జనం తండోపతండాలుగా పోయేవాళ్లు. మా షెడ్డు కుర్రోళ్లం కూడా మేస్త్రి పర్మిషను తీసుకొని పోయేవాళ్లం. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన రేసు ట్రాకు వచ్చిందాకా దక్షిణాదిన రేసంటే షోలవరమే.

డాక్టరు గారు ఒక సంవత్సరం రేసులు చూసి పెద్ద రోడ్డు మీద వేగంగా ఇంటికి వచ్చాడు. ఇంటి సందులోకి తిప్పి, గేటులోకి మళ్లించడానికి స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పాడు. నడక వేగం కూడా లేదు. టక్కుమని శబ్దం వచ్చి బండి ముందు ఎడమ పక్క నేలకి కూలింది. చక్రం పక్కకి మడతపడి మడ్‌గార్డు కిందికి దూరింది. ఆయన దిగి చూసి నిలువునా వణికిపోయాడు. అదే చక్రం గంట ముందు రోడ్డు మీద తెగుంటే ఏమయ్యేదో ఆయనకి చెప్పాల్సిన పని లేదు. ఆ లింకులు ఎక్కువగా తెగేది కూడా ఇట్టాగే, నెమ్మదిగా పోతూ స్టీరింగు చివరికంటా తిప్పినప్పుడు. అప్పుడే ఆ మరల మీద మెలి ఎక్కువగా పడుతుంది. ఇంటి ముందు తెగడం దేవుడు చేసిన మేలు.

మేస్త్రి, నేనూ పోయి బండిని చెక్క మీద ఎత్తి షెడ్డుకి లాగించుకొచ్చాం. మేస్త్రి తెగిన లింకుని చేతిలోకి తీసుకొని వెలుతురుకి పట్టి చూపించాడు. తెగిన మొహంలో ముప్పాతిక భాగం నల్లగా పాత తుప్పు. మిగిలిన కొంచెమే వెండిలా మెరుస్తా ఉంది. "చూడరా, ఇది ఈ రోజు తెగింది గాదు. ఎన్నో నెలల నుంచి చీలతా వచ్చింది. ఈ తెల్లటి ముక్క ఒక్కటే ఇన్నాళ్లూ ఆయన్ని మోసింది" అన్నాడు. కంచు దిమ్మె విప్పితే లోపల ఎండిపోయిన గ్రీజు ముద్ద. యాడో సర్వీసు చేయించినప్పుడు అన్ని నిపుల్సుకీ పట్టించినట్టే దీనికీ గ్రీజు కొట్టారు. మంచి మనసుతోనే చేసుంటారు, తెలియక చేశారు. నిపులు చూస్తే గ్రీజు కొట్టాలనే గదా ఎవరికైనా అనిపిస్తుంది.

కూలినప్పుడు కింది ఆర్ము కూడా వంగింది. కంటికి వంగినట్టు లేదు. మేస్త్రి ఆర్ముని విప్పి, లోపలి పక్క రెండు బుష్షు కన్నాల్లోంచి సన్నటి ఇనప రాడ్డు దూర్చాడు. మంచి ఆర్ములో రాడ్డు రెండు కన్నాల్లోనూ జారిపోవాల. దీంట్లో రెండో కన్నం అంచుకి తగిలి ఆగిపోయింది. "వంగింది. మంటలో కాల్చి సరిచేస్తే మళ్లీ వంగుతుంది. కొత్తది వెయ్యాల్సిందే. రెండు పక్కలా వెయ్యాల" అన్నాడు. ఆయన చెప్పిన ఈ రెండో మాట జీవితమంతా పాటించా. ఒక పక్క చెడిందంటే రెండో పక్క కూడా అన్ని మైళ్లూ నడిచిందే, అదే గ్రీజు తిన్నదే. ఒక పక్క కొత్త రబ్బరు, ఒక పక్క నలిగిన రబ్బరు ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా బండి ఒక వైపుకి లాగుతుంది. డాక్టరు గారు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

కింది ఆర్ములు, బుష్షులు, కంచు ట్రనియన్లు జీపీ రోడ్డులోనే దొరికాయి, హెరాల్డుకి అమ్మేవే. పాతదాని పక్కన పెట్టి ప్రతి కన్నం, ప్రతి పొడుగూ కొలిచి చూశాకే డబ్బులిచ్చాం. లింకులు మాత్రం డాక్టరు గారు ఇంగ్లండు నుంచి తెప్పించాడు. అవి వచ్చేదాకా బండిని ముందు ఎడమ పక్క దుంగల మీద ఆనించి, గోనెపట్టలు కప్పి ఉంచాం.

పని మొదలుపెట్టేముందు రోజు సాయంత్రం మేస్త్రి నాకు చెప్పింది ఒక్కటే, కిరసనాయిలు, డీజిలు కలిపి ప్రతి బోల్టుకీ తాగించి పొమ్మన్నాడు. తెల్లారి వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క చీలలు పెట్టాం. కుడి పక్క చక్రం నట్లు అది నేల మీదుండగానే కొంచెం వదులు చేసి, జాకీతో ఎత్తి, చాసీ కింద రైలు స్లీపరు దుంగలు దోపాం. జాకీని నమ్మి కింద దూరనిచ్చేవాడు గాదు మేస్త్రి. ఆయన కళ్ల ముందే ఒకడి చెయ్యి నలిగిందంట, ఆ మాట ఎప్పుడూ చెప్పేవాడు. బ్రేకు కాలిపరు విప్పి గొట్టానికి బరువు పడకుండా తీగతో పైకి కట్టేశాం. అట్ట కడితే బ్రేకు నూనె వదలాల్సిన పని, గాలి తియ్యాల్సిన పని ఉండదు. స్టీరింగు నుంచి చక్రానికి పోయే టై రాడ్డు కొస ఊడదియ్యడానికి మేస్త్రి సుత్తితో బోల్టు నెత్తిన కొట్టలేదు. కన్నం ఉన్న చెవికి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, రెండో పక్క ఇంకో సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. బిగుసుకున్న కొస టక్కున వదిలేసింది. నెత్తిన కొడితే మరలు చచ్చిపోతాయి.

స్ప్రింగు దగ్గర ఆయన నన్ను వెనక్కి నిలబెట్టాడు. షాకబ్జరూ స్ప్రింగూ ఒకటిగా ఉంటాయి ఆ బండికి. పైన మూడు నట్లు, కింద ఒక బోల్టు తీస్తే మొత్తం ఒకే ముక్కగా బయటికొస్తుంది. నడుమ పై నట్టు మాత్రం ముట్టుకోకూడదు. దాన్ని విప్పితే అణిగి ఉన్న స్ప్రింగు తుపాకీ గుండులా లేస్తుంది. మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బారు లింకు విప్పాం. కింది ఆర్ము లోపలి పక్క చాసీకి ఆనే చోట పల్చటి రేకు ముక్కలు ఉంటాయి, షిమ్ములు. చక్రం ఎంత ఒరిగి నిలబడాలో నిర్ణయించేవి అవే. మేస్త్రి ఏ బోల్టు దగ్గర ఏ షిమ్ములున్నాయో వాటిని అదే బోల్టుకి తీగతో కట్టి, చీటీ రాసి పెట్టించాడు. కలిసిపోతే తర్వాత ఎంత కొలిచినా ఆ బండి మొదటి తీరు దొరకదు.

అసలు కష్టం కుడి పక్క ట్రనియన్ బోల్టు దగ్గర వచ్చింది. ఆ బోల్టు ఒక ఉక్కు గొట్టంలోంచి పోతుంది. తుప్పు పట్టి బోల్టూ గొట్టమూ ఒక్కటైపోయాయి. నట్టు ఊడింది గానీ బోల్టు కదలదు. సమ్మెట వేద్దాం, వంగితే పాత ఆర్మే గదా అని నేనంటే మేస్త్రి, "చాసీ పాతదే, దాన్ని మార్చలేం" అన్నాడు. హ్యాక్సా బ్లేడుకి ఒక కొసన గుడ్డ చుట్టి, ఆర్ముకీ దిమ్మెకీ మధ్య సందులో పెట్టి నాచేత కోయించాడు. రెండు పక్కలా కొయ్యాల. చేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నానికి దిమ్మె వదిలింది. నిదానంగా చేస్తే ఏ ముక్కా చెడదని ఆ రోజు నా చేతులకి తెలిసింది.

కొత్త ఆర్ముల్లోకి రబ్బరు బుష్షులు బెంచి వైసులో, రెండు పక్కలా సైజుకి సరిపడే పైపు ముక్కలు పెట్టి నొక్కాం. జారడానికి సబ్బునీళ్లు. నూనె పూస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. తర్వాత ట్రనియను లింకుకి ఎక్కించాల. ఈడ ఒక విషయం మర్చిపోకూడదు. కుడి పక్క దిమ్మెకి మామూలు మర, ఎడమ పక్క దిమ్మెకి ఎదురు మర. అది దీంట్లోకి ఎక్కదు, ఇది దాంట్లోకి ఎక్కదు. దిమ్మెని చివరికంటా ఎక్కించి, మళ్లీ ఒక్క చుట్టులోపు వెనక్కి తిప్పాల. అంత ఖాళీ లేకపోతే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లింకు అడుక్కి తగిలి ఇరుక్కుంటుంది. రెండు వైపులా తిప్పి చూసి, యాడా పట్టెయ్యడం లేదని తేలాకే మేస్త్రి తల ఊపాడు. అప్పుడు ఎర్రగుడ్డ గన్ను తెచ్చి కొత్త నూనె, పైన రబ్బరు సీలు పక్కనుంచి తొంగిచూసేదాకా కొట్టించాడు.

ఇప్పుడు నేను చెప్పబోయేది చాలామంది వదిలేసే సంగతి. ఆర్ములన్నీ వేసినాక, బుష్షుల బోల్టులు బండి గాల్లో ఉండగా గట్టిగా బిగించకూడదు. వేళ్లకి అందినంత, స్పానరుతో కొంచెం, అంతే. బండిని చక్రాల మీదికి దించాల. సీట్లలో ఇద్దరు మనుషులు కూర్చోవాల. బండిని ముందుకీ వెనక్కీ నాలుగడుగులు దొర్లించాల. అప్పుడు కాళ్లు నిజంగా నిలబడే చోట నిలబడతాయి. అప్పుడే బోల్టులు గట్టిగా బిగించాల. ఎందుకంటే ఆ బుష్షు జారి తిరిగేది గాదు, రబ్బరు మెలి తిరిగేది. గాల్లో కాళ్లు వేలాడే స్థితిలో బిగిస్తే, దించినప్పటి నుంచీ ఆ రబ్బరు ఇరవై నాలుగు గంటలూ మెలి తిరిగే ఉంటుంది. కొద్ది నెలల్లో చీలిపోతుంది, కిర్రుకిర్రుమంటుంది, కొత్త ఆర్ము కూడా పాతదైపోతుంది. ఆ రోజు సీట్లలో డాక్టరు గారు ఒక పక్క, పక్క అంగడి సేటు గారు ఒక పక్క కూర్చున్నారు. మేస్త్రి కింద పడుకొని బిగించాడు. డాక్టరు గారు చొక్కా మాసినా పట్టించుకోలేదు. ఆయనకి పని అర్థమైంది.

ఆఖరున అలైన్‌మెంటు. కంప్యూటరు లేదు, లేజరు లేదు. వెనక చక్రాల నుంచి ముందు చక్రాల దాకా సన్నటి దారం లాగి, స్కేలుతో కొలిచి టై రాడ్లు తిప్పాడు. ముందు చక్రాలు లోపలికి ఏ కొంచెమో చూడొచ్చు, అంతకు మించకూడదు. షిమ్ములు యాడివి ఆడనే పెట్టాం కాబట్టి చక్రాల ఒరుగు సరిగ్గా కుదిరింది. లోపలి అంచు తినకుండా టైర్లు ఎన్ని వేల మైళ్లు నడుస్తాయో చూడాలని మేస్త్రి ఆ బండిని తర్వాత కూడా పిలిపించి చూసేవాడు. కొంత దూరం నడిచాక మళ్లీ షెడ్డుకి తెప్పించి ప్రతి నట్టూ మరోసారి స్పానరు వేసి చూశాడు. అది ఆయన నియమం.

బండి తయారయ్యాక డాక్టరు గారు మమ్మల్నిద్దర్నీ ఒకరి తర్వాత ఒకర్ని పక్కన కూర్చోబెట్టుకొని మీనంబాక్కం వైపు తీసుకెళ్లాడు. టాపు తీసేసి ఉంది. స్టీరింగు మీద రెండు వేళ్లు ఆనిస్తే చాలు, బండి గీత గీసినట్టు పోతా ఉంది. గుంతలో పడితే ధడేల్మనే శబ్దం లేదు. అప్పటిదాకా నేను బండ్ల కింద పనే చేశా, ఆ పని పైన కూర్చున్న మనిషికి ఎట్ట చేరుతుందో ఆ రోజే నా ఒంటికి తెలిసింది.

తర్వాత కాలం మారిపోయింది. మద్రాసులో హెరాల్డుకి బదులు గజెల్ అనే బండి వచ్చింది, అది కూడా ఆగిపోయింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని ముందు కాలుకి పై ఆర్మే లేదు. షాకబ్జరే పైన నిలబెట్టే స్తంభం, కింద ఒకే ఆర్ము, కొసన బాల్ జాయింటు. ఇప్పుడు మీరు నడిపే చాలా చిన్న బండ్లకి ఇదే అమరిక. నూనె పట్టించే పని లేదు, లోపల నింపి మూసేసే ఇస్తారు. ఆ రబ్బరు తొడుగు చిరిగిన రోజున నీళ్లు చేరతాయి, అరిగిపోతుంది. మా రోజుల్లో నూనె చూసుకున్నట్టే ఇప్పుడు ఆ తొడుగు చూసుకోవాల. పై ఆర్ములు పోయినా, లింకు పోయినా, కింది ఆర్ము మాత్రం ఇంకా ఉంది, బ్రేకు దెబ్బా గుంతల దెబ్బా ఇంకా దాని మీద పడతానే ఉన్నాయి.

ఈ కీళ్లు చెడ్డాయని ఎట్ట తెలుస్తుంది అని అడుగుతారు. బండిని ఎత్తి దుంగ మీద పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపండి. కదిలితే పక్కనోణ్ణి బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే కదలిక ఆగితే అది హబ్ బేరింగు. ఆగకపోతే బాల్ జాయింటో, ట్రనియనో, ఆర్ము బుష్షో. చక్రాన్ని రెండు పక్కలా పట్టుకొని ఊపితే కదిలితే టై రాడ్డు చూడండి. బ్రేకు వేస్తే ఒక వైపుకి లాగడం, టైరు ఒక అంచునే అరగడం, గుంతలో టక్కుమనడం, ఇవన్నీ బండి ముందుగా చెప్పే మాటలు. లోపల చీలిన లింకు మాత్రం ఒక్కోసారి ఏ హెచ్చరికా లేకుండానే తెగుతుంది, అందుకే నూనె మానకూడదు. 

ఇప్పుడు హైదరాబాదులోనూ, చెన్నైలోనూ, బెంగుళూరులోనూ పాత బండ్లని మళ్లీ ముస్తాబు చేసి నడిపే కుర్రోళ్లు వస్తా ఉన్నారు. నాకు చాలా సంతోషం. హెరాల్డు ఉన్నోళ్లుంటారు, ఇంగ్లండులోనో అమెరికాలోనో స్పిట్‌ఫైర్ కొనుక్కున్న మన పిల్లలూ ఉంటారు. రంగు వేయించే ముందు, లెదరు సీట్లు కుట్టించే ముందు, ముందు చక్రాలు విప్పించి ఆ కీళ్లు చూసుకోండి. ఒకవేళ పాత గ్రీజు ఉంటే మొత్తం కడిగించండి. లింకు మరల మొదట్లో తుప్పు గంటు కనపడితే ఆశపడకండి, కొత్తది వెయ్యండి. ఆర్ములు మారిస్తే రెండు పక్కలా మార్చండి. బోల్టులు బండి నేల మీద నిలబడ్డాకే బిగించండి. ట్రనియనుకి ఈపీ 90 నూనె, ప్రతి వానాకాలం ముందూ, వానాకాలం దాటాకా. మీ బండి ఏ మెకానిక్కు దగ్గరికి పోయినా ఈ ఒక్క మాట మీరే నోరు తెరిచి చెప్పండి: దీనికి గ్రీజు కొట్టొద్దు, నూనె పట్టించు.